మణికట్టు

పెద్దగుంట హైమావతి తెచ్చినాది దీన్ని,
టెక్కలి ఆస్పత్రిలో నర్సు డూటీ దిగి వచ్చి.
డబ్బా ఇప్పి, బేటరీలు మూడేసి,
కుళాయి పక్కన గోడకి అతికించినాది.
"ముట్టుకోనక్కర్నేదమ్మా, సెయ్యి కింద పెట్టు సాలు.
అదే సూస్తాది, అదే ఇస్తాది" అన్నాది.

ముందు మా ఇంటాయన పెట్టినాడు. బుస్సుమని నురగ.
ఎదురింటి బుడ్డోడు పెట్టినాడు. నురగ.
ఆడు మల్లీ పెట్టినాడు, మల్లీ, మల్లీ,
ఆ రోజు సగం సీసా ఆడి మోసేతులకే సరిపోనాది.
గోడమీంచి బల్లి దిగి తోక ఆడించినాది,
దానికీ ఇచ్చినాది,
ఎంగిలి సెయ్యా మడిసెయ్యా అని అడగనేదు.

నాను పెట్టినాను.
ఏటీ నేదు.
దగ్గరికి పెట్టినాను, దూరం పెట్టినాను,
తీర్థానికి పట్టినట్టు దోసిలి పట్టినాను.
ఎర్రదీపం ఒక్కపాలి సూసి కన్ను మూసీసినాది.
"అమ్మా, కదపకు."
"అమ్మా, కాస్త కదుపు."
నవ్వుతానే అన్నాది గుంట. తరవాత నవ్వనేదు.

నా సెయ్యి సంగతి నాకు తెల్దా.
పదారో ఏట కూకున్నాను కాశీబుగ్గ జీడిబట్టీలో.
ఎన్ని పిక్కలు కొట్టినానో మేస్త్రీ పుస్తకానికి ఎరుక,
జీడి ఎంత తాగిందో ఈ తోలుకి ఎరుక.
ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా
సందు సూసి దిగిపోతాది.
ఒక పొర కాల్తాది, దాని కిందది నల్లబడతాది.
పప్పు మాత్రం తెల్లగా రావాల,
ముక్కయితే రేటు కోత.

రేషను మిషనుకీ నాను కనపడను.
డీలరు తవిటినాయుడు గుడ్డతో తుడిపించి,
పదేళ్లూ మార్చి మార్చి నొక్కించి,
ఆఖర్న కంట్లోకి సూడమంటాడు.
కళ్లున్నాయి గనక బియ్యం.
దీనిదీ కన్నేనట.
నలుపు మీద పడిన ఎలుతురు తిరిగెల్లదట.
"తిరిగొస్తేనే సెయ్యున్నాదని దానికి తెలుస్తాదమ్మా" అని సెప్తా
హైమ బకెట్టు కేసి సూసినాది, నాకేసి కాదు.
రసీదు దాసినాను, మార్చీస్తాను, అన్నాది.
ఉండనీయే, అన్నాను. బల్లికి పనికొస్తాది.

ఆసాడంలో పిక్కల లారీ రాక బట్టీ ఆగిపోనాది,
ఇరవైరెండు రోజులు.
ఇంట్లో కూకుంటే ఏళ్ల సివర్లు పొట్టు లేసినాయి.
ఉల్లిపొరల్నాగ ఊడిపోయి
కింద సంటిపిల్ల మడమలాటి తోలు.
ఒకనాడు అప్పు అడగడానికెల్లొచ్చి, కాళ్లు కడుక్కోని,
ఊరికే, సెయ్యి పెట్టినాను.

బుస్సుమన్నాది.

అరసేతిలో కొబ్బరిపువ్వంత నురగ.
ఇంట్లో ఒక్కద్దాన్నే ఉన్నాను.
కడుక్కోబుద్ది కానేదు.
అలాగే పట్టుకోని గుమ్మంలో నిలబడ్డాను
అది ఇరిగి, నీరై, మోసేతిదాకా కారిందాక.
ఆ సేతిలో రూపాయి నేదు.
సెయ్యి మాత్రం తెల్లగున్నాది.

సోమారం మేస్త్రీ కబురెట్టినాడు, పిక్కలొచ్చినాయని.
ఎగిరి గంతేసి ఎల్లినాను.
మరో ఆదివారం దాటేసరికి
మిషను మల్లీ కన్ను మూసీసినాది.

ఇప్పుడు నాకో ఉపాయం దొరికినాది.
గాజులు పైకి తోసి, సెయ్యి ఎల్లకిలా తిప్పి
మణికట్టు లోపలిపక్క సూపిస్తాను,
జీడి సేరని సోటు, నాడి కొట్టుకునే సోటు.
అక్కడ ఇస్తాది.
అక్కడినించి రెండో సేత్తో కిందికి లాక్కుంటాను
నూనెగిన్నె అంచు తుడుసుకున్నట్టు.

నలుపు ఎలాగా పోదు.
అన్నం కలిపినప్పుడు జీడి వాసన రాకపోతే సాలు.